కనబడే ఓడ, కనబడని కాలవ

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసాన్ని ఇంతకుముందు చరిత్ర చదివినవాళ్ళు, సాహిత్యం చదివినవాళ్ళు చేశారు. నేను రేవుల్లో పూడిక తీయించే ఉద్యోగం చేసి రిటైరైన ఇంజనీర్ని. నన్నెందుకు పిలిచారని అడిగితే, నిర్వాహకులు "మీరు ఆయన క్లాసులో కూచున్నవారు కదా" అన్నారు. కూచున్నాను. మాస్టారు మాకు భూగోళం చెప్పేవారు. ఏ రేవు పాఠమైనా ఎగుమతులు, దిగుమతులు రాయించాక, పరీక్షలో ఎన్నడూ రాని ప్రశ్న ఒకటి వేసేవారు: "ఒరేయ్, ఈ రేవుకి ఆ లోతు ఎవరు తవ్వారు? తవ్విన మట్టి ఎక్కడ పోశారు?" మాకు నవ్వొచ్చేది. ఉద్యోగంలో చేరాక నవ్వు రాలేదు.

ఇవాళ వెనీస్ గురించి మాట్లాడతాను. అక్కడ ఇంచుమించు పదేళ్ళపాటు క్రూయిజ్ ఓడల మీద నడిచిన తగువు గురించి. మన ఊళ్ళో కూడా 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు గనక ఈ మాట మనకు బొత్తిగా పరాయిది కాదు. అయితే ముందే చెప్పేస్తాను, విశాఖపట్నం వెనీస్ కాదు. ఆ పోలిక పెట్టి బ్రోషర్లు వేసేవాళ్ళు వేరే ఉన్నారు.

ముందు ఆ ఊరి నైసర్గికం. పులికాట్ సరస్సు చూసినవాళ్ళకు తేలిగ్గా బోధపడుతుంది. సముద్రానికీ నేలకీ మధ్య దాదాపు 550 చదరపు కిలోమీటర్ల ఉప్పునీటి సరస్సు. సముద్రం వైపు సన్నని ఇసుక దిబ్బలు, వాటి మధ్య మూడు ముఖద్వారాలు: లీడో, మలమొకో, కియోజ్జా. సరస్సులో చాలా చోట్ల మనిషి నిలబడితే నడుముదాకా రాదు నీరు. మధ్యలో గుంజలు పాతి, వాటిమీద రాయి పేర్చి కట్టిన ఊరు. రోడ్డుండదు. కాలవలే వీధులు.

క్రూయిజ్ ఓడ లీడో ముఖద్వారంలోంచి లోపలికొచ్చి, సాన్ మార్కో చౌకు ఎదురుగా సాగి, జుదెక్కా కాలవ వెంట ఊరి పడమటి కొసనున్న మరీత్తిమా టెర్మినల్ చేరేది. డెక్కు మీద నిలబడ్డ ప్రయాణికుడికి ఒకనాటి పాలకుడైన డోజ్ రాజమందిరం, గోపురాలు, ఎర్రపెంకుల కప్పులు అన్నీ కాళ్ళకింద పరిచినట్టు కనిపించేవి. టికెట్టు ధరలో సగం ఆ దృశ్యానిదేనని నా అనుమానం. కింద సందులో కూరగాయల సంచితో పోతున్న ఇల్లాలికి మాత్రం, సందు చివర ఆకాశం ఉండాల్సిన చోట ఒక తెల్లగోడ మెల్లగా కదిలిపోతూ కనబడేది. కొన్ని ఓడల పొడవు 330 మీటర్ల పైమాట. ఊళ్ళోకెల్లా ఎత్తయిన సాన్ మార్కో గంటస్తంభం నూరు మీటర్లు కూడా ఉండదు. ఆ ఓడల్లో ఏటా 15 లక్షలకు పైగా ప్రయాణికులు వచ్చిపోయేవారు.

2012 జనవరి 13 రాత్రి ఇటలీ పడమటి తీరంలో, వెనీస్‌కు ఎంతో దూరంలో, కోస్టా కొంకోర్డియా అనే ఓడ జీల్యో దీవికి మరీ దగ్గరగా వచ్చి రాతికి కొట్టుకుని పక్కకు ఒరిగింది. 32 మంది చనిపోయారు. ఒడ్డున ఉన్నవాళ్ళకు సలాం కొట్టినట్టు దగ్గరగా పోవడం ఆ ఓడలవాళ్ళకు ముచ్చట. ఆ ముచ్చటే ముంచింది. వెనీస్ జనం మర్నాడు పేపర్లు చూసి తమ చౌకు వైపు చూసుకున్నారు. రెండు నెలలు తిరక్కుండా రోము ప్రభుత్వం ఆజ్ఞ తెచ్చింది: 40,000 టన్నులు దాటిన ఓడలు సాన్ మార్కో ముందు నుంచి పోకూడదు. ఇక్కడ టన్నంటే బరువు కాదు, ఓడ లోపలి చోటుకు కొలత. కానీ ఆ ఆజ్ఞలో చిన్న వాక్యం ఒకటుంది, మరో దారి సిద్ధమయ్యేదాకా ఇది అమల్లోకి రాదని. సర్కారు కాగితాలతో పనిచేసినవాళ్ళు ఇక్కడ చిరునవ్వు నవ్వుతారు. ఆ "అయ్యేదాకా" తొమ్మిదేళ్ళు పట్టింది.

ఈ తొమ్మిదేళ్ళలో ఊరు రెండుగా చీలింది. ఒకవైపు "పెద్ద ఓడలొద్దు" అనే కమిటీ. పడవలేసుకుని కాలవకు అడ్డం నిలిచేవారు, కిటికీలకు జెండాలు కట్టేవారు, 2013లో కొందరు ఏకంగా జుదెక్కా కాలవలోకి దూకి ఈదారు. రెండోవైపు రేవు మీద బతికేవాళ్ళు: సామాను మోసే కూలీలు, టగ్గులవాళ్ళు, పైలట్లు, ఓడకు కూరగాయలు, దుప్పట్లు సరఫరా చేసేవాళ్ళు. ఈ రెండోవైపు వాళ్ళను ఓడ కంపెనీల కీలుబొమ్మలుగా చిత్రించిన రాతలు చాలా చదివాను. నాకు అవి నచ్చవు. వెనీస్ ఓడ ఓ పూట ఆగి పోయే మజిలీ మాత్రమే కాదు, చాలా ప్రయాణాలు అక్కడే మొదలై అక్కడే ముగిసేవి. ప్రయాణికుడు విమానంలో వచ్చి, రాత్రికి హోటల్లో ఉండి, మర్నాడు ఓడ ఎక్కేవాడు. ఓడ తన సరుకంతా అక్కడే నింపుకునేది. అంటే ఫ్రిజ్ మాగ్నెట్టు ఒకటి కొని వెళ్ళిపోయే బేరం కాదది, ఒక పెద్ద రేవు పని. వెయ్యేళ్ళు ఓడల మీదే బతికిన ఊళ్ళో ఓడ వద్దనడం ఎంత విడ్డూరమో ఆ కూలీలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆర్సెనాల్ అనే వాళ్ళ నౌకానిర్మాణశాల పన్నెండో శతాబ్దం తొలినాళ్ళది. డోజ్ ఏటా పడవెక్కి వెళ్ళి సముద్రంలో ఉంగరం వేసి, నిన్ను పెళ్ళాడానని చెప్పే పండగ చేసుకున్న జాతి అది.

ఈ తగువులో ఫొటోలకు పెద్ద పాత్ర ఉంది. జానీ బెరెంగో గార్దీన్ అనే పెద్ద ఫొటోగ్రాఫరు, అప్పటికే ఎనభై దాటినవాడు, నలుపుతెలుపుల్లో ఆ ఓడల్ని తీశాడు. ఇరుకు సందు, ఆరేసిన బట్టలు, వెనక ఇళ్ళన్నిటినీ మింగేసే ఓడ పక్క. 2015లో వాటిని డోజ్ రాజమందిరంలో ప్రదర్శించాల్సి ఉండగా కొత్త మేయరు లుయీజీ బ్రున్యారో అడ్డుకున్నాడు, ఊరి పరువు తీస్తున్నాయని. చివరికి ఒక వారసత్వ సంస్థ సాన్ మార్కో చౌకులోనే, పాత ఒలివెత్తీ టైప్‌రైటర్ల దుకాణంలో వాటిని పెట్టింది. మేయరు ఆపబోయినందుకే జనం ఇంకా ఎగబడి చూశారు.

ఆ ఫొటోలు గొప్పవి. వాదన గెలిచింది కూడా అవేనంటాను. అయితే వాదనను కాస్త పక్కకు తిప్పింది కూడా అవే. వాటిని చూసిన లోకమంతా, వెనీస్ సమస్య అంటే ఓడ ఊరికి అడ్డంగా కనబడటం అనుకుంది. కనబడకుండా చేస్తే పోతుంది కదా అని ప్రభుత్వమూ అనుకుంది. నీళ్ళ అడుగున ఏముందో ఫొటోలో పడదు.

అడుగున ఏముందో చెప్పడానికే నేనిక్కడికి వచ్చాను.

వెనీస్ గణరాజ్యానికి శతాబ్దాల పాటు ఒకటే భయం, సరస్సు పూడిపోయి పొలమైపోతుందని. బ్రెంతా, సీలె, పియావె నదులు ఒండ్రు తెచ్చి పోస్తుంటే, ఆ నదుల్నే మళ్ళించి సరస్సు బయట సముద్రంలో కలిపారు. 1501లో నీళ్ళ మీద అధికారం చలాయించడానికి మాజిస్త్రాతో అల్లె ఆక్వె అని ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇసుక దిబ్బల మీద మురాత్సీ అనే రాతిగోడలు కట్టారు. యంత్రం లేని కాలంలో అంత పని చేసినవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఇరవయ్యో శతాబ్దంలో మాత్రం భయం తిరగబడింది. 1917 నుంచి ఎదురుగా నేల మీద మార్గెరా అనే పారిశ్రామిక రేవు లేచింది. చమురు శుద్ధి కర్మాగారాలు, రసాయనాలు. చమురు ఓడలు సాన్ మార్కో ముందు నుంచి పోవడం ప్రమాదమని, 1960ల్లో మలమొకో ముఖద్వారం నుంచి మార్గెరాకు సరస్సు నడుమ నుంచి లోతైన కాలవ తవ్వారు. దాని పేరు కనాలె దెయ్ పెత్రోలి, చమురు కాలవ.

మోకాలిలోతు, నడుములోతు పర్రనీళ్ళ మధ్య గీత గీసినట్టు తిన్నగా, పెద్ద ఓడలు పట్టే లోతు కాలవ తవ్వితే ఏమవుతుంది? పాత కాలవలు పాములా మెలికలు తిరిగేవి, నీరు తాపీగా పోయేది. ఇప్పుడు పోటూపాటూ ఆ తిన్నని కాలవ వెంట పరుగెత్తుతాయి. పర్ర మీద కదిలిన మట్టి కాలవలోకి జారుతుంది. కొంత అక్కడే పూడికై కూచుంటుంది, దాన్ని మాబోటివాళ్ళం తోడుతాం. కొంత ముఖద్వారం దాటి సముద్రంలో కలుస్తుంది, అది మళ్ళీ రాదు. ఇలా సరస్సు ఏటా లక్షల ఘనపు మీటర్ల మట్టి పోగొట్టుకుంటోందని అక్కడి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నదుల్ని ఎప్పుడో మళ్ళించేశారు కనక, కొత్త ఒండ్రు తెచ్చేవాళ్ళు లేరు. గడ్డి మొలిచే ఉప్పు దిబ్బలు, బారెనె అంటారు వాటిని, చాలామట్టుకు హరించుకుపోయాయి. పొలమైపోతుందనుకున్న సరస్సు లోతై సముద్రపు ముక్కవుతోంది.

ఓడ దీనికి తోడవుతుంది. నిండుతొట్టిలో బిందె దించితే నీళ్ళు అంచులకు పొంగుతాయి కదా. ఓడ పోయేటప్పుడు జరిగేది దానికి కాస్త తలకిందులు. ఇరుకు కాలవలో పెద్ద ఓడ నడుస్తుంటే, దాని పక్కలనున్న నీటిమట్టం ఒక్కసారి దిగుతుంది, అటూ ఇటూ ఉన్న పర్రల మీది నీటిని లాక్కుంటుంది. ఓడ దాటాక ఆ నీరు కెరటంగా వెనక్కి వచ్చి పర్ర అంచును కొడుతుంది. ఒడ్డున నిలబడి చూస్తే అది చిన్న అల. అడుగున బురద లేచి నీరు కాఫీరంగు తిరుగుతుంది. ఈ పని సరుకు ఓడా చేస్తుంది, చమురు ఓడా చేస్తుంది, క్రూయిజ్ ఓడా చేస్తుంది. బురదకు టూరిస్టెవరో, సిమెంటు బస్తా ఏదో తెలియదు.

ఈ సంగతి పక్కన పెట్టుకుని 2019కి వెళ్దాం. ఆ జూన్ 2న ఎమ్మెస్సీ ఓపెరా అనే ఓడ అదుపు తప్పి, హారన్ మోగిస్తూనే వచ్చి, సాన్ బజీలియో దగ్గర కట్టేసి ఉన్న టూరిస్టు పడవను, రేవు గోడను గుద్దింది. కొందరికి దెబ్బలు తగిలాయి, ప్రాణాలు దక్కాయి. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నెల తిరగ్గానే గాలివానలో ఇంకో ఓడ గట్టును తాకబోయి తప్పించుకుంది. తర్వాత కోవిడ్, ఓడలు ఆగిపోయాయి. 2021 జూన్‌లో మళ్ళీ మొదటి పెద్ద ఓడ బయల్దేరిన రోజు, కాలవలో ఒకవైపు పడవల్లో నిరసనకారులు, మరోవైపు పని దొరికిందని సంబరపడే రేవు కార్మికులు. వాళ్ళలో చాలామంది ఇరుగుపొరుగువాళ్ళే అయి ఉంటారు.

ఆ జులైలో యునెస్కో సమావేశం. 1987 నుంచి ప్రపంచ వారసత్వ స్థలమైన వెనీస్‌ను ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చాలని సిఫారసు వచ్చింది. ఆ పరువు తక్కువ రాకముందే జులై 13న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆగస్టు 1 నుంచి 25,000 టన్నులు, 180 మీటర్ల పొడవు, నీటిపైన 35 మీటర్ల ఎత్తు, వీటిలో ఏదొక్కటి దాటినా, గంధకం ఎక్కువున్న ఇంధనం వాడినా, ఆ ఓడకు సాన్ మార్కో ముందు, జుదెక్కా కాలవలో ప్రవేశం లేదు. ఆ నీళ్ళను జాతీయ స్మారకంగా ప్రకటించారు. తొమ్మిదేళ్ళు కానిది, యునెస్కో కళ్ళెర్రజేసేసరికి కొద్దివారాల్లో అయింది.

ఫలితం లేదని అనను. యూరప్‌లో ఓడల పొగను లెక్కగట్టే ఒక సంస్థ, 2019తో పోలిస్తే వెనీస్‌లో క్రూయిజ్ ఓడల గంధకపు ఉద్గారాలు 80 శాతం తగ్గాయని చెప్పింది. 2017లో బార్సిలోనా, పాల్మా తర్వాత ఖండంలో మూడో స్థానంలో ఉండేది ఆ ఊరు. ఊపిరితిత్తులకు ఇది పెద్ద మేలే. సందు చివర ఆకాశం తిరిగొచ్చింది.

మరి ఓడలు? కొన్ని ట్రియెస్తె, రావెన్నా రేవులకు మళ్ళాయి. మిగతావాటిని ఎక్కడికి పంపారో ఊహించండి. మార్గెరాకు. ఏ దారిన? చమురు కాలవ దారిన. ప్రయాణికులు ట్యాంకులు, క్రేన్ల మధ్య దిగి బస్సెక్కి వెనీస్ వస్తారు. అదే సరస్సులోకి, అదే బురద మీదుగా. సరస్సు బయట సముద్రంలో రేవు కట్టడానికి ఆలోచనలు ఆహ్వానిస్తామని అదే ఏడాది చట్టం చేశారు. ఈలోగా మార్గెరా నుంచి పాత టెర్మినల్‌కు దారితీసే విత్తోరియో ఎమాన్యుయెలె కాలవను తోడించాలన్న ప్రతిపాదన ఫైళ్ళలో ఊపిరి పోసుకుంటూ వచ్చింది. కాలవ లోతు పెంచితే ఏమవుతుందో ఇందాక చెప్పాను.

దీనికి తోడు సముద్రపు పోటును ఆపే మోసె గేట్లు. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్లకు లేచి ఊరు మునిగింది. 2019 నవంబరులో 187. మూడు ముఖద్వారాల్లోనూ కలిపి 78 గేట్లు అమర్చి, 2020 అక్టోబరు 3న మొదటిసారి సముద్రాన్ని ఆపారు. ఆ రోజు సాన్ మార్కో చౌకు పొడిగా ఉంది. అయితే గేట్లు లేస్తే ఓడ లోపలికి రాలేదు. సముద్రమట్టం పెరిగేకొద్దీ గేట్లు మరింత తరచుగా లేవాలి. ఊరు పొడిగా ఉండాలా, రేవు తెరిచి ఉండాలా అనే తగువు రానున్న దశాబ్దాల్లో అక్కడ తెగాల్సిన అసలు తగువు. దానికి క్రూయిజ్ ఓడల గొడవ ముందుమాట మాత్రమే.

మరి ఆ ఊరివాళ్ళేమన్నారు? 2017 జూన్‌లో పెద్ద ఓడలొద్దనే కమిటీ వీధుల్లో బల్లలేసుకుని ఓటింగు పెట్టింది. సుమారు 18,000 మంది ఓటేశారు, దాదాపు అందరూ ఓడలు సరస్సులోకే రాకూడదన్నారు. సాన్ మార్కో ముందుకని కాదు, సరస్సులోకే. మట్టి సంగతి ఎరిగినవాళ్ళు ఆ ప్రశ్న రాశారని తెలుస్తూనే ఉంది. కానీ ఆ ఓటుకు చట్టబద్ధత లేదు. పైగా వెనీస్ ద్వీపం, ఎదుటి నేల మీది మెస్త్రె ఒకటే మున్సిపాలిటీ. 1951లో ద్వీపంలో 1,75,000 మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కిందికి దిగింది. రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల షాపు కిటికీలో ఈ అంకెను చూపే బోర్డు 2008 నుంచి వేలాడుతోంది. అంటే మేయరును గెలిపించేది నేల మీది ఓటర్లు. ఊరిని రెండు చేయాలని 2019 డిసెంబరులో ఐదోసారి రెఫరెండం పెట్టారు. ఓటేసినవారిలో ఎక్కువమంది అవునన్నారు గానీ, ఓటేయడానికి వచ్చినవారే నాలుగోవంతుకు తక్కువ. చెల్లలేదు.

ఇటలీ మాత్రమే ఇంతనుకోకండి. అమెరికాలో ఫ్లోరిడా కొసన కీ వెస్ట్ అనే చిన్న దీవి ఊరుంది. 2020 నవంబరులో అక్కడి ఓటర్లు పెద్ద క్రూయిజ్ ఓడలకు పరిమితి పెట్టాలని బ్యాలెట్ మీద తేల్చిచెప్పారు. మరుసటేడు రాష్ట్ర చట్టసభ ఆ ఓటును రద్దు చేస్తూ చట్టం చేసింది. రేవు ఊరిది కాదు, ఊళ్ళో ఉంటుందంతే.

వెనీస్‌కూ మనకూ ఒక నిజమైన చుట్టరికం ఉంది. పదమూడో శతాబ్దం చివర మార్కో పోలో అనే వెనీస్ వర్తకుడు, ఈనాటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి గురించి రాశాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని, అక్కడి వజ్రాలు, సాలెగూడంత సన్నని నూలుబట్టలు లోకంలో మేలైనవని అన్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో అదే మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, గాలివానకు మన తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని రాతిమీద రాయించాడు. రేవులో అడుగుపెట్టిన ప్రతివాడికీ నియమం ముందే తెలిసేలా. ఆ అభయం వర్తకులకే, చేపలు పట్టేవాళ్ళకు ఏ రాయీ వేయలేదనుకోండి, అది వేరే మాట. శాసనం ఇప్పటికీ ఉంది. రేవు లేదు.

ఇక మన ఊరు. విశాఖపట్నం పోర్టు 1933లో మొదలైంది. ముఖద్వారం దగ్గర ఇసుక మేటవేయకుండా డాల్ఫిన్స్ నోస్ కొండ ముందు రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుగోడ చేశారు. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు గోడ ఆ నడకను ఆపుతుంది. 1970ల్లో ఔటర్ హార్బరు కట్టాక గోడలు ఇంకా పెరిగాయి. దక్షిణాన ఇసుక పోగుపడుతుంది, ఉత్తరాన ఆర్కే బీచి తరుగుతుంది. అందుకే పోర్టు డ్రెడ్జరు ఆ ఇసుకను తోడి బీచిలో పోస్తుంటుంది. సాయంత్రం పిల్లల్తో వెళ్ళి కూచుంటారే, ఆ ఇసుకలో కొంత పైపులో వచ్చింది. నేనూ పోయించాను.

వందకోట్లకు దగ్గరగా ఖర్చుపెట్టి టెర్మినల్ కట్టినప్పుడు మాట్లాడుకున్నదంతా టూరిస్టులు ఎందరొస్తారు, హోటళ్ళు చాలునా అని. 2022 జూన్‌లో విశాఖ నుంచి బయల్దేరిన క్రూయిజ్ ఓడను పుదుచ్చేరి తొలుత రానివ్వలేదు. అభ్యంతరం ఓడలోని జూదం మీద, సంస్కృతి చెడుతుందన్న భయం మీద. చూశారా, అక్కడా ఓడలోపలి సంగతే. దాని అడుగు గురించి, కట్టేసిన ఓడ ఇంజను రాత్రంతా తిరుగుతుంటే వచ్చే పొగ గురించి, ఒడ్డునుంచి కరెంటు ఇస్తే ఆ ఇంజను ఆపొచ్చు కదా అనే ప్రశ్న గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. బొగ్గు, ఇనుపఖనిజం దుమ్ము పీల్చి పీల్చి ఈ ఊరికి పొగ ఒక లెక్కలోకి రావడం మానేసింది.

నేను ఓడలు వద్దనే వాణ్ణి కాను. ఓడలు రాకపోతే నాకు పెన్షన్ లేదు. నేనడిగేది ఒక్కటే. టెర్మినల్‌లో ఈ ఏడు ఇంతమంది ప్రయాణికులు దిగారని పత్రికలకు అంకె ఇస్తున్నారు కదా. దాని పక్కనే, ఆ ఓడ కోసం, మిగతా ఓడల కోసం ఈ ఏడు ఎంత తోడాం, ఎక్కడ పోశాం, బీచిలోకి ఎంత చేరింది అనే మూడు అంకెలు కూడా వేయండి. అదే రేవు ఆవరణలో ఫిషింగ్ హార్బరుంది. ఓడ రాకపోకల వేళలు ఖరారు చేసేటప్పుడు బోట్ల సంఘం వాళ్ళకు ఒక కుర్చీ వేయండి. ఈ అంకెలు రహస్యం కావు, మా ఆఫీసులో రిజిస్టర్లలో ఉండేవి. ఎవరూ వచ్చి అడగలేదు, మేమూ బయట పెట్టలేదు.

సభలో పోర్టు నుంచి కొందరు వచ్చారని చెప్పారు. వెనక వరసలో బోటు యజమానుల్ని కూడా చూస్తున్నాను. నా కాగితాలు అయిపోయాయి. ముందు బోట్లవాళ్ళు అడగండి, తర్వాత పోర్టువాళ్ళు చెబుతారు. మైకు ఇటు ఇవ్వండి.